సారమ్మ కట్టిన కంతులు

యోబు గంపలోని పత్తిని దోసిళ్లతో తీసి మిషను నోట్లో వేస్తున్నాడు. గింజ కిందికి, దూది ముందుకి. ఆళ్లగడ్డ జిన్నింగు మిల్లులో ఇరవై రెండేళ్లుగా అతనికి ఇదే పని. కనుబొమల మీద, చెవుల మీది వెంట్రుకల్లో, మెడ మడతల్లో దూది నలుసులు. సన్నటి మనిషి, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. ఊళ్లో అతన్ని ఎరగనివాళ్లు లేరు, అతని గురించి చెప్పడానికి ఏమైనా ఉన్నవాళ్లూ లేరు. నోరు తెరిస్తే దగ్గొస్తుందని మాటలు తగ్గించాడు. అది అందరికీ బాగానే ఉంది.

పది గంటలకు మేస్త్రి కేకేశాడు, గేటు దగ్గర ఎవరో వచ్చారని.

వచ్చినవాడు కరుణాకర్. నంద్యాలలో ఒక కరెంటు సామాన్ల కొట్టుకు పాత బాకీలు వసూలు చేసిపెడతాడు. రూపాయి వసూలైతే అందులో పావలా అతనిది. ఇస్త్రీ చొక్కా, చంకలో రెక్సిను సంచి. ఈ నెలలో రావడం ఇది మూడోసారి.

"ఏమప్పా యోబూ, ఏం ఆలోచన చేసినావ్?"

"చెప్తి గదన్నా. అంతా కట్టేసినాం. నా పెండ్లామే నెలనెలా వచ్చి కట్టింది."

"ఆరు కంతులు కట్టింది. కడమ నాలుగు యాడ? రసీదులు చూపీ, మళ్లా ఈ గేటు తొక్కను."

రసీదులు లేవు. యోబు ఇంటికి కరెంటు వచ్చింది ఎమర్జెన్సీ రోజుల్లో. ఆ కొట్లో తెచ్చిన రెండు బల్బులు, ఒక ఫ్యాను, తీగ లాగిన కూలి, అన్నీ కలిపి మూడు వందలు. నెలకు ముప్ఫై చొప్పున పది కంతులు. కూలి డబ్బు తెచ్చి సారమ్మ చేతిలో పెట్టడం యోబు పని. నంద్యాల బస్సెక్కి పోయి కట్టి, రసీదు తెచ్చి తన బైబిలులో దాచడం సారమ్మ పని. బాప్తిస్మం చీటీ, ఇంటిపన్ను కాగితం, అన్నీ ఆ నల్లట్ట బైబిలులోనే. యోబుకు చదువు రాదు. ఆ ఇంట్లో చదవడమనేది ఆమె శాఖ.

డెబ్భై ఎనిమిదిలో సారమ్మ క్షయతో పోయింది. పెట్టె మూసేముందు యోబే ఆ బైబిలు తెచ్చి ఆమె చేతుల కింద పెట్టాడు. ఎంత మంచి పని చేశాడని అందరూ అన్నారు. ముందు ఒకసారి పేజీలు విదిలించి చూడాలని ఒక్కరికీ తోచలేదు. అయిదేళ్లుగా ఆ రసీదులు, ఉంటే, సమాధిలోనే ఉన్నాయి.

"నువ్వు ఆమెకు దుడ్లు ఇచ్చినావ్, సరే" అన్నాడు కరుణాకర్. "ఆమె కొట్లో కట్టిందని నువ్వు చూసినావా?"

యోబు లోపలికి వెళ్లి మళ్లీ పత్తి వేశాడు. ఆ మాట మాత్రం లోపలికి వెంటబడి వచ్చింది.

మధ్యాహ్నం అన్నం మానేసి చర్చి సంఘపెద్ద జ్ఞానప్రకాశం ఇంటికి పోయాడు. ఆయన రిటైరైన బడి అయ్యవారు. అంతా విని కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"సంఘంలో అడిగి సమాధి తవ్వియ్యొచ్చులే. అర్జీ నేను రాసిస్తా. బైబిలు ఏ స్థితిలో ఉంటాదో మాత్రం చెప్పలేను. రాయమంటావా?"

"వద్దులే సారూ" అన్నాడు యోబు.

ఎందుకు వద్దో మిల్లుకు తిరిగి నడుస్తుంటే అతనికే తెలిసింది. ఆ చివరి నాలుగు నెలలూ సారమ్మ నంద్యాల నుంచి ఆలస్యంగా వచ్చేది. బస్సు తప్పిందనేది. వచ్చిన ప్రతిసారీ రవిక చేతి అంచున, జబ్బ మీద, చిటికెడు దూది అంటుకుని ఉండేది. తన చొక్కా మీదిదే అంటుకుందనుకుని ఒకటి రెండుసార్లు తనే తీసేశాడు. పగలంతా దూదిలో బతికేవాడికి అది సూది గుచ్చినచోట పెట్టిన దూది అని ఎలా తడుతుంది? కంతు డబ్బు సూదులకే పోయి ఉండవచ్చు. డబ్బు పోతే పోయింది, అతనికి ఆ బాధ లేదు. పెట్టె తెరిచి అందులో నాలుగు రసీదులు లేకపోతే, పక్కన పడుకున్న మనిషి నాలుగు నెలలు ఒంటరిగా రోగంతో తిరిగిందనీ, తాను చూస్తూ కూడా చూడలేదనీ రుజువైపోతుంది. దాన్ని అతను తట్టుకోలేడు.

సాయంత్రం బస్సు టైముకు ముందు కరుణాకర్ ఇంటికే వచ్చాడు. ముందే రాయించిన కాగితం తెచ్చాడు.

"ఈడ వేలు పెట్టు. సగం మాఫీ చేపిస్తా. నెలకు ఇరవై కడితే చాలు."

మూడేళ్లు దాటి బాకీకి కాలదోషం పట్టిందని కరుణాకర్‌కు తెలుసు. యోబు నోరుమూసుకుని కూర్చుంటే ఏ కోర్టూ పైసా ఇప్పించదు. ఆ వేలిముద్ర పడితేనే చచ్చిన బాకీకి ప్రాణం. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, అతనూ చెప్పలేదు.

కూలికి పోయి అప్పుడే వచ్చిన కూతురు లూదియా కాగితం అందుకుని కూడబలుక్కుని చదివింది. అయిదో తరగతి చదువు.

"నాయనా, అమ్మ నాలుగు కంతులు కట్టలేదని నువ్వు ఒప్పుకున్నట్టు రాసినారు! తవ్విద్దాం నాయనా. మాయమ్మను దొంగను చేస్తాంటే ఊరకుంటావా?"

"ఆమెను కదిలియ్యొద్దుమ్మా."

"మరి ఏలు పెడ్తావా?"

 యోబు కరుణాకర్ చాపిన సిరా దిండులో బొటనవేలు అద్ది కాగితం మీద ఒత్తాడు. అందులో భార్య పేరు ఎక్కడుందో అతనికి తెలియదు, కరుణాకర్ చూపించినచోటే ఒత్తాడు. కరుణాకర్ కాగితాన్ని ఊది ఆరబెట్టి, మడిచి, బస్సుకు పరిగెత్తాడు. లూదియా ఆ రాత్రి తండ్రికి అన్నం పెట్టి, తన కంచం తీసుకుని వాకిట్లోకి పోయింది.

రెండు నెలలు ఇరవై చొప్పున కట్టాడు. మూడో నెలలో ఒక మధ్యాహ్నం, అన్నం తిని దూది బేలుకు ఆనుకున్నవాడు గంట కొట్టినా లేవలేదు. నిద్రపోయాడనుకుని మేస్త్రి కాసేపు తిట్టాడు కూడా.

సారమ్మ పక్కనే తవ్వారు. పారకు పాత పెట్టె పలక అంచు తగిలింది. తవ్వేవాడు ఆగి లూదియా వైపు చూశాడు. ఊరందరికీ ఆ రసీదుల సంగతి తెలుసు.

"మన్ను కప్పండన్నా" అంది లూదియా. "మా నాయన వద్దన్న్యాడు."

క్రిస్మస్‌కు ఆమె ఒక్కతే ఇంటికి సున్నం వేసింది. వాకిలి పక్క గోడ దగ్గరికొచ్చేసరికి కుంచె ఆగింది. అక్కడ జానెడంత మేర వదిలేసి, చుట్టూ వేసుకుంటూ పోయింది. ఇంకా తడి ఆరని తెల్లటి గోడలో ఆ పాత మట్టి రంగు ముక్క, దాని మీద ఆ సాయంత్రం నాయన బొటనవేలు తుడుచుకున్న ఊదారంగు మరక.