రాగికాగుల మేస్త్రీ వెబ్‌సైటు

కొలుబార నది ఇళ్లలోకి వచ్చిన తర్వాత మూడో ఏడు అది. ఆ ఊళ్లో లెక్కలన్నీ వరద నుంచే. పెళ్లయినా, ఆవు ఈనినా, వరదకు ముందా వెనకా అని అడుగుతారు.

వుకోమాన్ మేస్త్రీ సారా కాచే రాగి కాగులు చేస్తాడు. నలభై ఆరేళ్లుగా అదే పని. కొండపల్లెల్లో ప్లమ్ తోట ఉన్న ప్రతివాడికీ ఓ కాగు కావాలి. ఆగస్టు చివర పళ్లు రాలతాయి కాబట్టి దానికి ముందే, ఆ నెల మొదట్లో వచ్చే ఇలియా పండుగలోపు, కాగు చెప్పుకుంటారు. చెప్పుకోవడమంటే వచ్చి కూర్చుని, కాఫీ తాగి, వానల గురించి మాట్లాడి, వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "నూట ఇరవై లీటర్లది" అనడం. మేస్త్రీ తల ఊపుతాడు. ఇంతకు మించిన వ్యాపారం ఆయన ఎప్పుడూ చెయ్యలేదు.

వరద తర్వాత ఆ రాకపోకలు సన్నగిల్లాయి. దుకాణం నీళ్లలో పోయిందని కొండల్లో ఎవరో అన్నారు. తిరిగి లేచిందని ఎవరూ అనలేదు. చెడ్డ కబురుకు కాళ్లెక్కువ. ఊళ్లో పందేల దుకాణాలు అప్పటికే ఏడున్నాయి, ఎనిమిదోది పెట్టడానికి ఒక కంపెనీ మేస్త్రీ దుకాణాన్ని అద్దెకు అడుగుతోంది. ఫుట్‌బాల్ ఆటల మీద పందెం కాయడానికి అంతకంటే మంచి మూల లేదట.

మేస్త్రీ భార్య దెసాంక జూన్‌లో ఒకరోజు గడువు పెట్టింది. ఇలియా పండుగలోపు పది కాగులకు బేరం కుదరాలి. కుదరకపోతే దుకాణం తాళంచెవులు పందేల వాళ్లకు. మేస్త్రీ "సరే" అన్నాడు. రాగిరేకు కొట్టే సుత్తి చేతిలో పట్టుకునే అన్నాడు.

అప్పుడు రెల్యా దిగాడు. రెల్యా మేస్త్రీ చెల్లెలి కొడుకు. వియన్నాలో పుట్టి పెరిగి, రెండేళ్ల కిందట బెల్‌గ్రేడ్ వచ్చాడు. చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం వాడి పని. చీలమండల పైకి ఆగిపోయిన ప్యాంటు వేసుకుంటాడు, కాఫీలో పంచదార వద్దంటాడు. దెసాంక ఈ రెండో తప్పును మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

"ఇంటర్నెట్‌లో కనబడనివాడు బతికి ఉన్నా లేనట్టే మావయ్యా," అన్నాడు వాడు. తను వెబ్‌సైట్ ఊరికే చేసిపెడతాననీ, జనం రాసే ఉత్తరాలు చూసుకోవడానికి ఒక ల్యాప్‌టాప్ మాత్రం కొనుక్కోమనీ చెప్పి, ఎలాంటిది కొనాలో కాగితం మీద రాసిచ్చాడు. తేలికైనది, సన్ననిది, ఇంత జ్ఞాపకశక్తి, ఇన్ని గంటల బ్యాటరీ. మేస్త్రీ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. అది మళ్లీ బయటికి రాలేదు.

ల్యాప్‌టాప్‌ల దుకాణంలో అమ్మే కుర్రవాడు దేనికి వాడతారని అడిగాడు. కాగులకు అన్నాడు మేస్త్రీ. కుర్రవాడు కాసేపు ఆలోచించి, అయితే జ్ఞాపకశక్తి ఎక్కువ ఉండాలన్నాడు. వాడు ప్రతి మాటకూ ఒక అంకె తగిలిస్తున్నాడు. మేస్త్రీకి ఆ అంకెలు పట్టలేదు. బల్ల మీద వరసగా పెట్టిన ల్యాప్‌టాప్‌లను ఒక్కొక్కటే చేత్తో ఎత్తి బరువు చూశాడు. వీపు మీద వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. రేకు పల్చనైతే చప్పుడులోనే తెలిసిపోతుంది. సన్నవన్నీ డొల్లగా పలికాయి. ఒక్కటే నిండుగా పలికింది. దున్నపోతులా నల్లగా, వెనక రెండు ముక్కుపుటాలతో, మూత తెరిస్తే మీటల కింద ఎర్రవి, పచ్చవి, ఊదావి దీపాలు పరుగెత్తేది.

"ఇది," అన్నాడు మేస్త్రీ.

అది తుపాకుల ఆటలు ఆడే పిల్లల కోసం చేసింది. కుర్రవాడు ఆ సంగతి చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం చూసి, ధర చీటీ వైపు కళ్లు తిప్పి, "మంచి చెయ్యి మేస్త్రీ మీది," అన్నాడు.

అది ఇంటికొచ్చాక దెసాంక దాన్ని హాల్లో టీవీ పక్కన పెట్టి, పైన తను అల్లిన తెల్లటి గుడ్డ కప్పింది. మధ్యలో చిన్న పూలకుండీ ఉంచింది. కుండీ తీస్తే గానీ గుడ్డ తియ్యలేరు, గుడ్డ తీస్తే గానీ మూత తెరవలేరు. కాబట్టి ఎవరూ తెరవలేదు.

జూలై మొదట్లో రెల్యా ఫొటోలు తియ్యడానికి వచ్చాడు. వెబ్‌సైట్‌లో ఏమేం ఉండాలో మేస్త్రీ చెప్పాడు. ఎన్ని లీటర్ల కాగు, రేకు మందమెంత, ధరెంత, ఫోన్ నంబరు. ఆయన జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడినది అప్పుడే.

రెల్యా జాలిగా నవ్వాడు. ఇప్పుడు సరుకు ఎవరూ కొనరట, కథ కొంటారట. ధర రాస్తే కథ చచ్చిపోతుందట. ఫోన్ నంబరు పాతకాలపు సంగతట, దాని బదులు ఉత్తరం రాసుకునే గడి పెడతాడట. కాగుల బొమ్మలూ వద్దట. "ఖాళీ ఉండాలి మావయ్యా. చూసేవాడి కంటికి ఊపిరాడాలి," అన్నాడు. పని చొక్కా విప్పించి మంచి కోటు వేసుకోమన్నాడు. మేస్త్రీకి ఉన్న మంచి కోటు ఒక్కటే, చావులకు వేసుకునేది. నవ్వబోతే వద్దన్నాడు. నిజానికి ఆయన నవ్వబోలేదు, ఎండ కళ్లలో పడింది.

వారానికి వెబ్‌సైట్ తయారైంది. రెల్యా తన పల్చటి ల్యాప్‌టాప్ తెచ్చి చూపించాడు. తెల్లటి తెర. చుట్టూ నల్లటి అంచు. మధ్యలో నలుపు తెలుపుల్లో మేస్త్రీ ముఖం. కింద పేరు. దాని కింద 1949, ఒక గీత, గీత తర్వాత ఖాళీ. అట్టడుగున సన్నటి అక్షరాల్లో ఒకే వాక్యం. ఆయన చేతులు రాగిలో నిలిచి ఉంటాయి, అని.

"గీత తర్వాత ఏం లేదేంరా?" అని అడిగింది దెసాంక.

"అదే అందం అత్తయ్యా. ఇంకా సాగుతోందని అర్థం."

దెసాంక చాలాసేపు చూసింది. బాగానే ఉందంది గానీ, ఇలాంటిది ఎక్కడో చూసినట్టుందంది. టీవీలో అనుకుంది. మేస్త్రీ మూడో తరగతితో బడి మానినవాడు. బెల్‌గ్రేడ్‌లో డబ్బులిచ్చి చేయించుకునేది ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుని ఊరుకున్నాడు.

తర్వాత మూడు వారాలు దుకాణం గుమ్మంలో పిల్లి తప్ప ఎవరూ నిలబడలేదు. మేస్త్రీ రోజూ రేకులు తుడిచి మళ్లీ గోడకు ఆనించేవాడు. పందేల కంపెనీ మనిషి ఒకసారి వచ్చి, గుమ్మం ఎంత వెడల్పో టేపుతో కొలుచుకుపోయాడు. రెల్యా మాత్రం రోజు విడిచి రోజు ఫోన్ చేసి సంబరపడేవాడు. ఏడు వందల మంది చూశారట. మామూలుగా జనం ఒక వెబ్‌సైట్‌లో ఆరు సెకన్లు కూడా ఆగరట, ఇక్కడ నాలుగేసి నిమిషాలు ఆగుతున్నారట. ఇలాంటిది తను వియన్నాలో కూడా చూడలేదట. అయితే కాగులు ఎవరడిగారు అని మేస్త్రీ అడిగాడు. ముందు నమ్మకం కుదరాలి మావయ్యా, అన్నాడు రెల్యా.

ఇలియా పండుగ ముందురోజు మధ్యాహ్నం మోమిర్ వచ్చాడు. మోమిర్ కొండ మీద పల్లెవాడు, ప్లమ్ తోట పెద్దది. వాళ్ల తాత కాగు చేసింది మేస్త్రీ నాన్న, వాళ్ల నాన్న కాగు చేసింది మేస్త్రీ. వాకిట్లో బట్టలారేస్తున్న దెసాంకను చూసి మోమిర్ టోపీ తీశాడు. పోయిన చలికాలం తన అన్న చనిపోయినప్పటి నుంచి ఆమె నల్లబట్టలే కడుతోంది. మోమిర్ ఆమె చేతిలో ఒక సంచి పెట్టాడు. అందులో కాఫీ పొట్లం, పంచదార పెట్టె, సీసాడు రకియా సారా, సన్నటి పసుపు కొవ్వొత్తి ఉన్నాయి. అంత్యక్రియలకు అందుకోలేకపోయాననీ, పశువులు ఉన్నాయనీ, క్షమించమనీ అన్నాడు. దెసాంక అన్న గురించే అనుకుంది. కళ్లొత్తుకుంటూ లోపలికి రమ్మంది.

లోపల బల్ల దగ్గర కూర్చుని మేస్త్రీ చిక్కుడుకాయ పులుసు తింటున్నాడు.

మోమిర్ గుమ్మంలోనే ఆగిపోయాడు. మూడుసార్లు సిలువ వేసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నువ్వు తింటున్నావే," అన్నాడు.

"ఆకలేసింది," అన్నాడు మేస్త్రీ.

"మేస్త్రీ, నువ్వు పోయావు కదయ్యా. నా కళ్లతో చూశాను."

మోమిర్ ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. నల్లటి అంచు, ముఖం, పేరు, ఏడాది, వాక్యం. ఆ దేశంలో మనిషి పోతే సరిగ్గా ఇలాంటి కాగితమే అచ్చేసి కరెంటు స్తంభాలకూ బస్సులు ఆగే చోట్లా అంటిస్తారు. నడిచే ప్రతివాడూ ఆగి చదివి, ఎవరి తాలూకో గుర్తు చేసుకుని ముందుకు పోతాడు. మేస్త్రీ పులుసు చెంచా కింద పెట్టి తన చావు కాగితం చదువుకున్నాడు. అలాంటిది ఎక్కడ చూసిందో దెసాంకకు ఇప్పుడు గుర్తొచ్చింది. రెల్యా పెరిగిన వియన్నాలో చచ్చినవాళ్లను స్తంభాలకు అంటించరు.

"చనిపోయిన ఏడాది వెయ్యడం మరిచిపోయారనుకున్నాం," అన్నాడు మోమిర్. "మా పల్లెలో అందరూ చూశారు. పక్క పల్లెలో చర్చిలో నీ పేరు కూడా చదివించారు. మంచి మాటలే అన్నారులే. బతికుండగా ఎవరూ అనలేదు గానీ."

"కాగో?" అన్నాడు మేస్త్రీ.

మోమిర్ టోపీని చేతుల్లో ఒకసారి తిప్పాడు. సోమవారం కొన్నానన్నాడు. బజారులో, ఫ్యాక్టరీది. పల్చటిది, అడుగు అప్పుడే మాడింది. "ఏం చెయ్యమంటావు మేస్త్రీ? చచ్చినోడికి కాగు ఎట్టా చెప్పుకుంటారు?"

మేస్త్రీ మళ్లీ చెంచా అందుకున్నాడు.

మోమిర్ వెళ్లాక దెసాంక పూలకుండీ తీసింది, గుడ్డ తీసింది. నల్ల దున్నపోతు మూత తెరిచారు. దీపాలు రంగులు మారుతూ పరుగెత్తాయి. ఉత్తరాలు అరవై ఒకటి ఉన్నాయి. దెసాంక కళ్లద్దాలు పెట్టుకుని గట్టిగా చదివింది. సమాధి మట్టి ఆయనకు తేలికగా ఉండాలి. అలాంటి చేతులు ఇక పుట్టవు. ఈ సెప్టెంబరులో నాలుగు కాగులు చెప్పుకుందామనుకున్నాం, దేవుడు ముందే తీసుకుపోయాడు. ఒకాయన సంతాపం చెప్పి, సుత్తులు అమ్ముతారా అని అడిగాడు. పందేల కంపెనీ వాళ్లు కుటుంబానికి సానుభూతి తెలిపి, ఇప్పుడు నిర్ణయం తేలికవుతుందని ఆశిస్తున్నామన్నారు. వాళ్ల మనిషి వారం కిందటే మేస్త్రీకి చెయ్యి కలిపి మరీ గుమ్మం కొలుచుకుపోయాడు.

రెల్యాకు ఫోన్ చేశారు. వాడు అంతా విన్నాడు. తర్వాత, చూడండి మావయ్యా, జనం మనసును తాకింది కదా అన్నాడు. అంచు రంగు మారుద్దామా, లేత బూడిదైతే ఎలా ఉంటుంది అని అడిగాడు.

"తీసెయ్," అన్నాడు మేస్త్రీ.

దెసాంక ఫోన్ పెట్టేసి, గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. రేపే ఇలియా పండుగ. తాళంచెవుల గుత్తి మేకుకు వేలాడుతోంది, ఆమె దాని వైపు కూడా చూసింది.

ఇలియా పండుగ నాడు ఎవరూ పని చెయ్యరు. పనిచేస్తే పిడుగు పడుతుందంటారు. పండుగ మర్నాడు పొద్దున్నే, తాళంచెవులు ఇంకా మేకుకే ఉండగా, మేస్త్రీ పని చొక్కా వేసుకున్నాడు. దుకాణంలో తయారై ఉన్న నూట ఇరవై లీటర్ల కాగును ట్రాక్టరు వెనక తొట్టిలోకి ఎక్కించి తాళ్లతో కట్టాడు. కొండదారి పట్టాడు. మొదటి ఇంటి గేటు దగ్గర ట్రాక్టరు ఆపి, "ఇంటాయనా!" అని కేకేశాడు. ఇంటాయన బయటికొచ్చి చూసి, మళ్లీ లోపలికి పోయి, భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ ఆయన చెయ్యి పట్టుకుని చూశారు. వెచ్చగానే ఉంది. కాఫీ ఇచ్చారు. కాగు మాత్రం బజారులో కొనేశామన్నారు. రెండో ఇల్లూ అంతే. అక్కడ ముసలాయన ఏడ్చాడు కూడా, కానీ ఆయనా కొనేశాడు.

మూడో గేటు విధవరాలు స్తోయాదింకది. ఎనభై దాటిన మనిషి, ప్లమ్ చెట్లు నలభై. ఆమె సిలువ వేసుకోలేదు. ట్రాక్టరు చుట్టూ తిరిగి, కర్రతో కాగును కొట్టి చప్పుడు విన్నది.

"నువ్వు పోయావని మూడు ఆదివారాలు కొవ్వొత్తులు వెలిగించానయ్యా మేస్త్రీ," అంది. "తేనె మైనంవి, మంచివి. ఆ డబ్బు ధరలో తగ్గిస్తావా?"

"తగ్గిస్తాను," అన్నాడు వుకోమాన్, తాళ్లు విప్పుతూ.