ఇరవయ్యో చెయ్యి

నేను ఒక చేతిగడియారాన్ని. మా ముప్పైమందినీ ఒకే అట్టపెట్టెలో సర్ది అమ్మారు. కొన్నది నీలవేణమ్మ. మునిసిపల్ చైర్‌పర్సన్ అయిన రోజున కౌన్సిలర్లకు తలొకటి పంచి, ఒకటి తను పెట్టుకుంది.

నేను పద్నాలుగో వార్డు వరాలమ్మకు దక్కాను. ఆమె వీధి ఆడవాళ్లు మైలు దూరం నుంచి నీళ్లు మోస్తారు. మీటింగైన ప్రతిసారీ నన్ను కట్టుకున్న చెయ్యే ఎత్తి, "మేడమ్, మా వీధికి కొళాయి!" అనేది. మూడేళ్లలో నీలవేణమ్మ ఒక్కసారీ ఇటు చూస్తే ఒట్టు! అయినా టికెట్టు ఇప్పించిన మనిషని వరాలమ్మకు ఆమెంటే అభిమానం.

ఇంతలో అవిశ్వాసం వచ్చిపడింది. ఎదుటి వర్గంవాళ్లు ఇరవైమందిని బస్సెక్కించి అరకు రిసార్టులో దాచారు. వరాలమ్మను మొగుడు గవిరయ్యే ఎక్కించాడు. అందరి ఫోన్లూ లాక్కున్నారు. మమ్మల్ని వదిలేశారు, మేం ఎవరికీ కబురు చెప్పలేం కదా. నాలుగో రోజు బస్సు తిన్నగా మీటింగు హాలు ముందు ఆగింది.

ముప్పైలో ఇరవై చేతులు లేస్తే నీలవేణమ్మ దిగిపోవాలి. "తీర్మానానికి అనుకూలమైనవాళ్లు చేతులెత్తండి" అన్నారు ఆర్డీవోగారు. పందొమ్మిది లేచాయి, అన్నిటికీ ఆవిడిచ్చిన గడియారాలే! వరాలమ్మ చెయ్యి ఒళ్లోనే ఉంది. ఆమెకు మనసొప్పలేదు. పోనీ, ఆఖరిసారి కొళాయి సంగతైనా అడుగుదామని అలవాటుగా సగం ఎత్తింది.

నీలవేణమ్మ ఓటే అనుకుని హడలిపోయింది.

"వరాలూ, దించీయే! నీ కొళాయి రేపే యేయిస్తాను. ఒట్టు!"

వరాలమ్మ నివ్వెరపోయింది. "రేపే అయిపోద్దా మేడమ్? మరి మూడేళ్లూ ఏటి సేసినారు?"

వరాలమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చెయ్యి మాత్రం పూర్తిగా లేచింది. ఆర్డీవోగారు ఇరవై అని రాసుకున్నారు.

వరండాలో గవిరయ్య ఎదురొచ్చాడు. "సెబాసే! నా మాట నిలబెట్టినావు."

"నీ మాటకి కాదు" అంది వరాలమ్మ. "కొత్తగా వచ్చినోళ్లకీ సెప్పు. మా వీధికి నీళ్లు రాకపోతే వాళ్ల మీదా ఎత్తుతాను."

గవిరయ్య నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు.