అన్నీ పచ్చగానే ఉన్నాయి

గిరిప్రసాద్ బెంగళూరులో ఏదో సదస్సుకు పోయి, తిరుపతిలోని తన ఆఫీసుకు రెండు తెచ్చాడు: మైసూర్‌పాకు డబ్బా, ‘ఆటోమేషన్’ అనే మాట. మైసూర్‌పాకు సాయంత్రానికే అయిపోయింది. మాట మాత్రం ప్రసన్నకుమారి మెడకు చుట్టుకుంది.

ఆ చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేరును పరీక్షించే మనిషి ఆమె ఒక్కతే. బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కాటా ప్రోగ్రాము రాస్తున్నారు. కాయల ట్రాక్టరును నిండుగా ఒకసారి, దించినాక ఖాళీగా ఒకసారి తూచి, తేడా ఎంతో రైతుకు చీటీ ఇవ్వాలి. చీటీ తప్పితే రైతు నోట్లో మట్టే. అందుకే ప్రోగ్రాములో ఏ చిన్న మార్పు జరిగినా ప్రసన్న మొదట్నుంచీ అంతా చేత్తో నొక్కి చూసేది.

"ఇంక నువ్వు నొక్కే పన్లేదు, మిషనే నొక్కుతాది. మంచి టూలేదో నువ్వే ఎంచు," అన్నాడు గిరిప్రసాద్.

ఎంచడం పెళ్లిచూపుల మాదిరే అయింది. మొదటి టూలు ధర విని గిరిప్రసాద్ మంచినీళ్లు తెప్పించుకున్నాడు. రెండోదానికి పరీక్షలన్నీ కోడుగా రాయాలి, ప్రతిదానికీ సరైన జవాబేదో మనమే చెప్పాలి. మూడోది ఉచితం. టేపురికార్డరు లాగా మనం చేసింది గుర్తుపెట్టుకుని మళ్లీ మళ్లీ చేస్తుంది. ప్రోగ్రాము మొదటిసారి ఏది చెబితే దానికి అదే వేదం. ప్రసన్న ఇంట్లో అత్తగారు చంద్రకాంతమ్మ వేసిందే సరైన ఉప్పు, ఇదీ అంతే. జవాబు కలిస్తే పచ్చ, మారితే ఎరుపు.

ప్రసన్న మూడోదాన్నే ఎంచింది. ఉచితమని పైకి చెప్పింది. కోడు నేర్చుకోవాలంటే భయమన్నది చెప్పలేదు.

సీజను మొదలయ్యే ముందురోజు ప్రోగ్రామరు బాలచంద్ర, అందంగా ఉంటుందని తెర మీద గడులు అటూ ఇటూ జరిపాడు. టూలు నడిపితే తెరంతా ఎండుమిరపకాయలు ఆరబోసినట్టు ఎరుపు. ప్రసన్న ఒక్కొక్కటీ తెరిచి చూడసాగింది. మొదటి నాలుగింట్లో గడులు జరగడం తప్ప వేరే తప్పేమీ లేదు. అంతలో కింద జీపు ఆగింది. ఫ్యాక్టరీ యజమాని గంగాధరం.

"ఆయన ముందర ఈ ఎరుపేంది తల్లీ! ‘కొత్త జవాబే సరి’ అనే మీట ఉండాది గదా, అన్నిటికీ ఒకేసారి నొక్కెయ్," అన్నాడు గిరిప్రసాద్.

నొక్కింది. ఎరుపు పోయి పచ్చ వచ్చింది.

"మా తోపు మాదిరి కళకళలాడతా ఉండాదే!" అని గంగాధరం మురిసిపోయినాడు.

మర్నాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు. ఏమన్నా అవసరం పడుతుందేమోనని గిరిప్రసాద్ ప్రసన్నను పంపినాడు. పొద్దెక్కేదాకా ఏ అవసరమూ పడలేదు. ఆమె కాటా గది కిటికీ దగ్గర కూర్చుని, ఇంత సుఖంగా జీతం తీసుకుంటే కళ్లు పోతాయేమో అనుకుంది.

అప్పుడు చూసింది. ఎల్లప్ప అనే డ్రైవరు తన ట్రాలీని కాయలతోనే లోపల వదిలేసి, పక్కనున్న ఇంకొకరి ఖాళీ ట్రాలీని తగిలించుకుని కాటా ఎక్కినాడు.

"అదేందన్నా, నీ ట్రాలీ?"

"దించేదాకా ఆడ ఎవురు కాసుకోనుంటారు మేడమ్? ఇంకో నడక పోయొస్తా. ఖాళీ ఏదైతేనేమి, ఖాళీనే గదా!"

ఖాళీలన్నీ ఒకే బరువుండవు. అందుకే ట్రాలీ నంబరు మారితే చీటీ రాకుండా కట్టడి పెట్టించింది ప్రసన్నే. కాటా గుమాస్తా కొత్త నంబరే కొట్టినాడు. ప్రోగ్రాము ఆ నంబరును పట్టించుకోకుండా, పొద్దున లోపలికి వచ్చిన నంబరే అచ్చేసి చీటీ చేతిలో పెట్టింది. బాలచంద్ర గడులు జరపడంలో ఆ కట్టడి ఊడిపోయింది; ఆమె చూడకుండా పచ్చ చేసిన వాటిలో ఇదొకటి.

ఆమె బయటికి పోయి గిరిప్రసాద్‌కు ఫోను చేసింది.

"ఉష్! ఎవురికీ చెప్పొద్దు. సాయంత్రం బాలచంద్ర వచ్చి సరిజేస్తాడు. ఇప్పుడు ఆపితే ఈ ఫ్యాక్టరీ పోతాది, ఆపైన నీ ఉద్యోగం గూడా."

"సాయంత్రందాకా తూచేవాళ్ల సంగతేంది సార్?"

"ఒకరికి తరుగుతాది, ఒకరికి పెరుగుతాది. సరికి సరి!"

ఫోను పెట్టేసి ఆమె లోపలికి పోయింది. "కాటా ఆపండి," అంది.

హారన్లు మొదలైనాయి. గంగాధరం పరుగున వచ్చినాడు. "ఏమ్మా, నిన్న అన్నీ పచ్చగా చూపిస్తివే!"

"చూడకుండా నేనే పచ్చ చేసినాను సార్."

ఆయన సెల్‌ఫోను తీసి గిరిప్రసాద్‌ను తిట్టడానికి చెట్టు కిందికి పోయినాడు. గుమాస్తా కంప్యూటరు ఆపేసి, పాత చీటీ పుస్తకం దుమ్ము దులిపినాడు. ఎల్లప్పను వెనక్కి పిలిచి, తన ట్రాలీ దించినాక దాంతోనే తూచుకోమన్నారు. పొద్దున్నే వెళ్లిపోయినవాళ్ల ట్రాలీలు మాత్రం ఏ తోపులో ఉన్నాయో, ఎవరిది ఎవరు తగిలించుకున్నారో.

సంగతి తెలిసి చెంగయ్య అనే రైతు కిటికీ దగ్గరికి వచ్చినాడు. తెల్లారకముందే కాయ తూయించి, ట్రాక్టరును పంపేసి, ఫ్యాక్టరీ ఇచ్చే బాడుగ డబ్బుల కోసం ఆగినవాడు. చీటీ లోపలికి చాచినాడు.

"నాది సరింగా ఉండాదామ్మా?"

ప్రసన్న చీటీని తిప్పి చూసింది. నిండు దగ్గరా ఖాళీ దగ్గరా ఒకే నంబరు. తప్పున్న చీటీ అయినా ఇట్లాగే ఉంటుంది.

"తెలీదన్నా."

"కంప్యూటర్ని అడగరాదా?"

"దానికీ తెలీదు."

"మళ్లీ తూస్తే?"

ఇద్దరూ లోపలికి చూశారు. అందరి కాయలూ ఒకటే గుట్టగా పడి ఉన్నాయి.

"తక్కువ పడిందనన్నా చెప్పు, కొట్లాడతా. సరిగ్గా ఉండాదనన్నా చెప్పు, ఇంటికి పోతా," అన్నాడు చెంగయ్య.

ఆమె చీటీని కిటికీలోంచి వెనక్కి చాచింది. ఆయన మాత్రం చీటీ తీసుకోకుండా, కిటికీ కమ్ములు పట్టుకుని అట్లాగే నిలబడినాడు.