దుర్భిణిలో బూజు

సాయంసంధ్య వేళ సీతారామాంజనేయులు చేసే పనుల వరుస ఎన్నడూ తప్పేది కాదు. పోర్టు ఆఫీసు నుండి వచ్చి, కాళ్లు కడుగుకొని, కాఫీ త్రాగి, మేడపైకి వెళ్లి మూడుకాళ్ల పీటపై దుర్భిణిని నిలిపేవాడు. ఉద్యోగరీత్యా రాజోలు నుండి విశాఖకు వచ్చిన ఆ నడివయస్కునికి ఆకాశమంటే చిన్ననాటి నుండి భక్తి. పాత ఓడల సామాను అమ్మే కొట్టులో, లంగరు గొలుసుల నడుమ పడివున్న ఆ ఇత్తడి గొట్టాన్ని రెండువేల ఒకటవ సంవత్సరపు వేసవిలో ఇంటికి తెచ్చుకొన్నాడు. మొదటి వారమంతా చీకటి తప్ప మరేమీ కనబడలేదు. ముందు దూరపు దీపస్తంభం మీద చూపు కుదుర్చుకొని, ఆపైన గొట్టాన్ని చంద్రుని వైపు మెల్లగా తిప్పాలని తెలియడానికి మరొక వారం పట్టింది.

ఆ దుర్భిణి దూరపు వస్తువును దగ్గరగా చూపేది కాదు, దగ్గరకు తెచ్చేది. అతడు చంద్రబింబాన్ని గడియసేపు చూస్తే చాలు, మేడ దిగువనున్న జాలరిపేట ఇసుకపై పోటు రెండు బారలు ముందుకు వచ్చేది. అందుకు ఎవరూ వింతపడలేదు. చేపలు ఎండబెట్టుకొనే గంగాలమ్మ మాత్రం మెట్లెక్కి వచ్చి ముందుగానే చెప్పేది.

"బాబూ, ఇయ్యాల సందమావని సూడకండి. ఎండేసిన నెత్తళ్లు ఇసక మీదే ఉన్నాయి."

"పోనీ, శుక్రుణ్ణి చూసుకోనా?"

"సూసుకోండి. ఆడు మాకేటీ సెయ్యడు."

ఆంజనేయులు వంశంలో తాతలనాటి తాళపత్రాలను పట్టుగుడ్డలో చుట్టి పెట్టెలో భద్రపరచే ఆచారం ఉంది. పూజ్యమైన వస్తువును గాలికి వదలరాదని అతని నమ్మిక. అందుచేత ప్రతి సాయంత్రమూ, మంచుకు చెమర్చిన గాజుకు వెంటనే మూత బిగించి, పట్టు చుట్టి, పెట్టెలో ఉంచేవాడు. ఆకులను కాపాడిన ఆ శ్రద్ధ సముద్రతీరంలో గాజుకు కీడు చేసింది. తడి లోపలనే నిలిచిపోయింది. ఆశ్వయుజం వచ్చేసరికి జంట గాజుల నడుమ, ఒక అంచున, తెల్లని బూజు వేళ్లూనింది. తుడుపునకు అది అందలేదు.

ఒకనాడు రేవు వెలుపల నిలిచిన ఓడను చూశాడు. ఓడ దగ్గరకు వచ్చింది. బూజు మాటున పడిన దాని జెండా మాత్రం పాతచోటనే, ఏ ఆధారమూ లేక, గాలికి రెపరెపలాడుతూ ఉండిపోయింది. ఓడవారు పడవ పంపి తెప్పించుకొన్నారు.

కార్తిక మాసంలో రేవున మూడవ నంబరు గాలివాన హెచ్చరిక ఎగురవేసిన నాటి మధ్యాహ్నం గంగాలమ్మ మేడపైకి వచ్చింది. ఆమె భర్త వరహాలు, మరిది కోటి, మరి ఇద్దరు కుర్రవాళ్లు వేటకు వెళ్లి రెండు దినాలు కావస్తున్నది.

"ఒకపాలి సూసి తెప్పని లాగండి బాబూ."

గాజు లోపల ఆవిరి కమ్మి ఉంది. కుంపటి రాజేసి, మూర దూరాన పట్టి వెచ్చజేయగా ఆవిరి విడిపోయింది గాని బూజు వీడలేదు. గడియసేపు వెదకిన మీదట నల్లని నీటి అంచున తెప్ప చిక్కింది. దాని వెనుక మేఘం గోడవలె లేచి ఉంది.

"ఉన్నారు. కానీ గంగాలమ్మా, తెప్ప ఏదో ఒక కొస బూజు చాటున పడుతోంది. ఎటు తిప్పినా అంతే. ఆ కొస అక్కడే ఉండిపోతుంది."

"ముందల ఎవులున్నారు?"

"కోటి, కుర్రాళ్లిద్దరూ. నీళ్లు తోడుతున్నారు."

"ఎనకాల?"

వెనుక కొసన చుక్కాని పట్టేది వరహాలేనని ఇద్దరికీ తెలుసు.

గంగాలమ్మ చెంగు నడుముకు బిగించుకొంది. "సుక్కాని వట్టినోడు ఇసక మీద ఆఖర్నే దిగాల. అది మా కట్టు. ముందల దిగితే మావే ఊరుకోం. ఆ ముగ్గుర్నీ తెండి బాబూ. ఆ యెనక ఆణ్ణి తెద్దురు."

అతడు ఊపిరి బిగపట్టి చూశాడు. తెప్ప ఇసుకకు తగిలింది. ముగ్గురూ దిగారు. తెప్ప వెనుకభాగం బారెడు మేర లేదు. కోసినట్టు కాక, తడిసి నానిన అట్టవలె మెత్తగా ముగిసింది.

"అన్న అక్కడే ఉన్నాడొదినా," అన్నాడు కోటి, మేడ మెట్ల వద్దకు వచ్చి. "సుక్కాని ఒగ్గలేదు. మావే వచ్చేసినాం."

ఆంజనేయులు మరల కన్ను ఆనించాడు. కాని తెప్పతోపాటు దాని వెనుకనున్న మేఘాన్ని కూడా అతడు చూసి ఉన్నాడు. అదీ దగ్గరకు వచ్చింది. చూస్తుండగానే వాన సముద్రాన్ని మూసివేసింది.

నాలుగవ నాడు తెరిపి ఇచ్చింది. పడవలు వెళ్లి వెదకగా అక్కడ నీరే ఉంది. గంగాలమ్మ చేతి గాజులు తీయించడానికి పేట పెద్దలు బయలుదేరితే, ఆమె వారిని మేడపైకి తీసుకువచ్చింది. ఒకరి తరువాత ఒకరు దుర్భిణిలోకి చూశారు. గొట్టాన్ని ఎటు తిప్పినా బూజు నడుమ, బియ్యపు గింజంత మనిషి, చుక్కాని పట్టి నిలుచుని ఉన్నాడు. పెద్దలు తలపాగాలు సవరించుకొని, గాజుల ప్రస్తావన లేకుండా మెట్లు దిగిపోయారు.

సీతమ్మధారలో కళ్లద్దాలు బాగుచేసే దొరబాబుకు చూపగా, మూడు ఎండలు తగిలితే బూజు చస్తుందని చెప్పాడు. ఆంజనేయులు ఆ మాట తెచ్చి గంగాలమ్మకు చెప్పాడు.

"ఎండలో ఎట్టకండి బాబూ," అంది ఆమె.

నాటి నుండి ఆమెయే ప్రతి సాయంత్రమూ తడిగుడ్డ తెచ్చి దుర్భిణికి చుట్టి పోతున్నది. మాఘమాసానికి బూజు గాజు నిండా పాకింది. ఇప్పుడందులో ఆంజనేయులుకు తెలుపు తప్ప మరేమీ కానరాదు. గంగాలమ్మకు మాత్రం కనబడుతుంది. ఒకనాడు ఆమె చాలాసేపు చూసి, కన్ను తీసి, నెమ్మదిగా చెప్పింది.

"ఆడికి ఒడ్డు అవుపడతంది బాబూ."

ఏ ఒడ్డు అని అడిగే ధైర్యం అతనికి చాలలేదు.