తడ వరదయ్య పొడి

డాక్టరు రాజారత్నం ఆపరేషను మాట ఎత్తకుండా మునిలక్ష్మిని ప్రశ్న మీద ప్రశ్న అడుగుతుంటే, పక్కన నిలబడిన ఆమె మొగుడు దామోదరానికి అనుమానం మొదలైంది.

దామోదరానిది నగరి. ఇంటి పక్క షెడ్డులో పవర్‌లూమ్ మగ్గాలు పెట్టుకుని లుంగీలు నేయిస్తాడు. మునిలక్ష్మికి బొడ్డు పక్కన చిన్న ఉబ్బుగా మొదలైన గడ్డ ఆ ఏడు నిమ్మకాయంత అయింది. దగ్గినప్పుడల్లా పొడుచుకొచ్చేది. ఒకరోజు లోపలికి పోకుండా గట్టిపడి, ఆమె నొప్పికి మెలికలు తిరిగిపోయింది. నగరి డాక్టరు దాన్ని ఎలాగో లోపలికి నొక్కి, "పేగు దిగతా ఉండాది. చిత్తూరుకు పోయి కోయించుకోండి" అని పంపాడు.

కోసి కుట్టేస్తారు, వారంలో ఇంటికి పోవచ్చు అనుకుని వచ్చారు. ఈ డాక్టరేమో ఉబ్బును కాసేపే చూశాడు. తర్వాత ఆమె చేతి మీది చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి లేపాడు. చీర కుచ్చెళ్ళు కొంచెం పైకి తీయమని పిక్క చూశాడు. అక్కడ మగ్గం ఇనుము గీరుకున్న పుండు పక్కుకట్టి ఉంది.

"ఇది ఎప్పుడు తగిలిందమ్మా?"

"ఉగాది ముందర, సార్."

అప్పటికి వినాయకచవితి దగ్గర పడింది.

"కడుపులో గడ్డకీ కాలిమీద పుండుకీ ఏం సంబంధం సార్?" అన్నాడు దామోదరం.

"ఈ గీతే మానలేదు. నేను పెట్టే కోత మానుతుందని ఎట్లా నమ్మేది?" అని డాక్టరు మళ్ళీ ఆమె వైపు తిరిగాడు. "చక్కెర జబ్బు ఉండాదా? పొగాకు వేస్తావా? దగ్గు ఎన్నాళ్ళుగా ఉంది? ఇంట్లో ఇంకేమన్నా మందు తింటున్నావా?"

చివరి ప్రశ్నకు మునిలక్ష్మి మొగుడి మొహం చూసింది.

"ఏం లేదు సార్," అన్నాడు దామోదరం.

అది అబద్ధం. మునిలక్ష్మికి ఉబ్బసం. రెండేళ్ళ కిందట ఊపిరాడక రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చునేది. ఎవరో చెబితే దామోదరం ఆమెను తడలో వరదయ్య దగ్గరికి తీసుకెళ్ళాడు. వరదయ్య ఇచ్చిన పొడిని తేనెలో రంగరించి నాకితే గంటలో ఊపిరి తేలికయ్యేది. పీలగా ఉండే మనిషి మొహం నిండింది. "వరదయ్య చేతి చలవ, మునిలక్ష్మి ఒళ్ళు చేసింది" అని వీధి వాళ్ళందరూ అన్నారు. వరదయ్య ఒకటే షరతు పెట్టాడు. ఇంగ్లీషు డాక్టర్ల చెవిన పడితే మందు గుణం పోతుంది, ఎవరికీ చెప్పకూడదు.

మర్నాడు రక్తం, ఉచ్చ పరీక్షలయ్యాయి. చక్కెర కొంచెం ఎక్కువుంది. డాక్టరు మంచం పక్కకు వచ్చి ఆమె మొహాన్ని మళ్ళీ పరీక్షగా చూశాడు. గుండ్రటి మొహం, పుల్లల్లాంటి చేతులు. మోచేతి దగ్గర నల్లగా కమిలిన మచ్చ ఉంది. ఎట్లా వచ్చిందంటే బస్సు కమ్మీ తగిలిందంది.

"చక్కెర ఒకటే అయితే సరిచేసుకుంటాం," అన్నాడు డాక్టరు. "ఇంకేదో ఉంది. మీరిద్దరూ దాస్తున్నారు. అది తెలిసేదాకా నేను కత్తి పట్టను."

దామోదరానికి ఒళ్ళు మండింది. వాళ్ళ తర్వాత వచ్చిన మనిషికి ఆరోజే ఆపరేషనయింది. ఈ డాక్టరుకు చేతకాదా, చేతనయ్యీ తిప్పుతున్నాడా? వచ్చినప్పుడల్లా ఇద్దరు ముగ్గురు కుర్ర డాక్టర్లను వెంటబెట్టుకుని వచ్చి ఆమె పిక్క చూపిస్తున్నాడు. వాళ్ళకు పాఠం చెప్పుకోడానికి పెట్టుకున్నాడేమో. సిస్టరు సంతోషమ్మను వరండాలో ఆపి అడిగేశాడు.

"ఆయన ముందు కోసేసి, ఆనక ఆలోచించే మనిషి కాదన్నా," అందామె. "ఏమన్నా ఉంటే చెప్పేయండి."

ఆ మాట డాక్టరు దాకా పోయినట్టుంది. సాయంత్రం ఆయనే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. "నీకు డాక్టర్లంటే నమ్మకమెందుకు లేదయ్యా?"

దామోదరం తన తమ్ముడు కుప్పయ్య సంగతి చెప్పాడు. అరవదేశంలో కడుపు కోయించుకున్నాడు. కుట్లు వేశాక ఒకనాడు దగ్గుతుండగా గాయం విచ్చుకుంది. చీము పట్టి నెల తిరక్కముందే పోయాడు.

"బీడీ తాగేవాడా? దగ్గు ముందునుంచీ ఉండేదా? మనిషి బాగా తిన్నాడా?"

"కోసింది వాళ్ళు సార్. తప్పు నా తమ్ముడిదా?"

"తప్పెవరిదని నేనడగలేదు," అన్నాడు రాజారత్నం. "కోసే ముందు ఆ మాటలు ఎవరన్నా అడిగినారా అని."

ఎవరూ అడగలేదు. అయినా చచ్చినవాడి మీదికి తప్పు నెట్టే మనిషిని ఎట్లా నమ్మేదని దామోదరం మనసులో అనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే, వద్దంటున్నా వినకుండా మునిలక్ష్మిని నగరికి తీసుకొచ్చేశాడు.

ఇంటికొచ్చాక డాక్టరు మాట ముల్లులా గుచ్చుకుంది. ఆపరేషనుకు మద్రాసుకు పోయినా అక్కడా ఈ ప్రశ్నే అడిగితే? ముందు వరదయ్యనే కనుక్కుందామని సత్యవేడు మీదుగా తడ వెళ్ళాడు. వీధి వాకిలి మూసి ఉంది. చొరవ ఉన్న ఇల్లే కాబట్టి దొడ్డిదారిన లోపలికి పోయాడు.

వరదయ్య వసారాలో కల్వం ముందు కూర్చుని ఉన్నాడు. పక్కన చేటలో పిప్పళ్ళు, శొంఠి ఉన్నాయి. అతని చేతిలో వెడల్పు మూతి సీసా ఉంది. దాన్ని వంచి చిన్న చిన్న తెల్ల మాత్రలు కల్వంలోకి పోస్తున్నాడు.

"ఏంది వరదయ్యా అది?"

వరదయ్య ఉలిక్కిపడ్డాడు. సీసా వెనక్కి దాచబోయి, దాచి లాభం లేదని మానుకున్నాడు. "కూసో దామోదరం. ఊపిరాడక వచ్చినోళ్ళకి వట్టి పిప్పళ్ళిస్తే రెండోతూరి వస్తారా? ఇది కొంచెం కలిపితే నిలబడతాది."

"ఏం మాత్రలివి?"

"మద్రాసు నుంచి ఒకాయన తెచ్చిస్తాడు. పేరు నాకూ సరింగా తెలీదు. నీ పెండ్లాం తిరుగులాడతా ఉండాదా లేదా? అది సూడు."

దామోదరం వంగి కల్వంలోంచి గుప్పెడు మాత్రలు తీసి జేబులో వేసుకున్నాడు. వరదయ్య చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని బయటపడ్డాడు.

ఇల్లు చేరగానే గూట్లోని పొడి డబ్బా తీసి కాలవలో గుమ్మరించాడు.

"ఊపిరాడకుంటే నా బదులు నువ్వు పీలుస్తావా?" అని అరిచింది మునిలక్ష్మి.

"అది విషమే. ఇంగ తినొద్దు."

రెండు రోజులు దగ్గుతూ, పిల్లికూతలు పడుతూ గడిపింది. మూడోనాడు ఏం తిన్నా వాంతి అయింది. లేచి నిలబడితే కళ్ళు తిరిగి తూలిపోయింది. ఒళ్ళంతా చల్లటి చెమట. పక్కింటి వాళ్ళు గుసగుసలు పోయారు. వరదయ్యతో తగువు పెట్టుకున్నాడట, వాడు ఊరకే ఉంటాడా, ఏదో చేయించి ఉంటాడు. దామోదరానికీ ఆ అనుమానం తగిలింది. మంత్రగాడి కోసం మనిషిని పంపబోయి, ఆమె గోళ్ళు తెల్లబడటం చూసి ఆగిపోయాడు. నూలు బేళ్ళు దించి చిత్తూరుకు తిరిగిపోతున్న లారీలో ఆమెను పడుకోబెట్టి తీసుకెళ్ళాడు.

రాజారత్నం నాడి పట్టుకుని, "ఏం ఆపినావమ్మా?" అని అడిగాడు.

దామోదరం జేబులోని మాత్రలు తీసి బల్ల మీద పోశాడు. వరదయ్య పొడి, అతను పెట్టిన షరతు, కాలవలో పారేయడం అన్నీ చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ డాక్టరు కసురుకుంటాడని ఎదురుచూశాడు. డాక్టరు సిస్టరును కేకేసి సూదిమందు తెప్పించి, సెలైను పెట్టించాడు.

సాయంత్రానికి మునిలక్ష్మి కళ్ళు తెరిచి కాఫీ అడిగింది.

"మాత్రలు చూసి ఇదేనని తేల్చి చెప్పలేను," అన్నాడు డాక్టరు. "ఈమె మొహం, కాలి పుండు, ఇప్పుడు పడిపోవడం, అన్నీ స్టెరాయిడ్ అనే చెబుతున్నాయి. అది ఊపిరి తేలిక చేస్తుంది, కాదనను. కానీ ఏళ్ళ తరబడి తింటే చర్మం పలచబడుతుంది, చక్కెర పెరుగుతుంది, గాయం మానదు. ఒంట్లో సహజంగా ఊరే అలాంటి రసమే ఊరడం మానేస్తుంది. అందుకే ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా దించాలి. ఆరోజు నీ మాట నమ్మి కోసి ఉంటే బల్ల మీదే పోయేదయ్యా."

దామోదరం తల వంచుకున్నాడు. మంచం మీంచి మునిలక్ష్మి మెల్లగా అంది. "చెప్పొద్దని ఆయనన్నాడు. సరేనని నువ్వన్నావు. నన్నెవురూ అడగలేదు."

దామోదరం లేచి ఆమెకు కాఫీ తేవడానికి బయటికి పోయాడు.

ఆపరేషను దీపావళి దాటాక జరిగింది. ఆలోపల ఆ స్టెరాయిడ్‌నే ఆసుపత్రి మాత్రలుగా ఇచ్చి కొంచెం కొంచెంగా తగ్గించారు, దగ్గుకు వేరే మందిచ్చారు. అన్నం తగ్గించి రాగి సంకటి, గుడ్డు పెట్టమన్నారు. పిక్క మీది పుండు మానడం మొదలయ్యాకే డాక్టరు రోజు చెప్పాడు. అప్పటికీ దామోదరం పూర్తిగా నమ్మలేదు. ఏ సూది వేసినా ఎందుకని అడిగేవాడు. సంతోషమ్మ విసుక్కుంటూనే చెప్పేది.

ఆపరేషనయిన ఐదోనాడు కట్టు మీద తడి కనబడింది. కుప్పయ్య గుర్తొచ్చి దామోదరం డాక్టరు కోసం పరిగెత్తాడు. డాక్టరు చివర ఒక్క కుట్టు విప్పి, శుభ్రం చేసి, "ఇట్లాంటిదేదో వస్తాదనే కాచుకునున్నాను" అన్నాడు. మిగతా కుట్లు మామూలుగా తీసే రోజుకు తీయలేదు. ఇంకా చాలా రోజులు ఉంచాడు. గాయం ఆలస్యంగానైనా గట్టిగా అతుక్కుంది.

నగరి చేరాక మునిలక్ష్మికి అప్పుడప్పుడు ఉబ్బసం వస్తూనే ఉంది. ఆసుపత్రి మందు వరదయ్య పొడి అంత జోరుగా పనిచేయదు. ఆ మాట ఆమె దాచుకోకుండా అందరితోనూ అనేది. మొహం మాత్రం మునుపటిలా సన్నబడింది. వీధి వాళ్ళు చిక్కిపోయిందని జాలిపడ్డారు.

ఒక ఆదివారం సంతలో వరదయ్య సంచితో కనబడ్డాడు. చుట్టూ జనం. దామోదరం వాళ్ళను తోసుకుని ముందుకు పోయాడు.

"ఆ పొడిలో ఏం కలిపినావో వీళ్ళ ముందర చెప్పు."

వరదయ్య తొణకలేదు. "సూడండప్పా, ఆసుపత్రోళ్ళు ఇతనికి బాగా నూరిపోసినారు. రెండేండ్లు నా మందుతోనే పెండ్లాన్ని కాపాడుకున్నాడు."

జనం నవ్వారు. "కమీషన్ ఎంతప్పా?" అని వెనకనుంచి ఒకడరిచాడు. కొంతమంది పొట్లాలు కొనుక్కున్నారు, కొంతమంది ఏమీ అనకుండా జారుకున్నారు. దామోదరం ఇంటిదారి పట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం షెడ్డు వాకిట్లో దేవకమ్మ వచ్చి నిలబడింది. వెనక వీధిలో ఇడ్లీలు అమ్మే ముసలామె. అటూ ఇటూ చూసి, కొంగు తొలగించి మొహం చూపించింది. బూరెలా ఉబ్బి ఉంది. చేతి మీద పెనం కాలిన పుండు పచ్చిగా ఉంది.

"మూడేండ్లుగా తింటా ఉండాను," అంది. "ఆపేయాల్నా?"

"ఆపొద్దు. ఆ పొట్లం కూడా తీసుకుని నాతో చిత్తూరుకు రా."

ఆమె కదల్లేదు. అతని మొహంలోకి గుచ్చి చూసింది. "నన్ను పిల్చుకొని పోతే నీకేం వస్తాది? కమీషనని మంది చెప్పేది నిజమేనా?"

దామోదరానికి కోపం రాలేదు. ఇలాంటి చూపు చూడటం అతనికి బాగా తెలుసు.

"నన్ను నమ్మొద్దులే అవ్వా. డాక్టరును నువ్వే అడుగు. ఆయన అడిగేదానికి మాత్రం నిజం చెప్పు."

దేవకమ్మ కొంగు మళ్ళీ మొహం మీదికి లాక్కుంది. తర్వాత, పొట్లం తెచ్చుకోవాలని చెప్పి ఇంటికి నడిచింది. దామోదరం మగ్గాలు ఆపేసి, చొక్కా వేసుకుని ఆమె కోసం వాకిట్లో నిలుచున్నాడు.