పదికి రెండు మార్కుల ఇల్లు

కర్టెన్లు కుట్టే మనిషికి ఏ ఇంట్లోకెళ్లినా చూపు ముందు కిటికీల మీదే పడుతుంది. ఆవిడకైతే ఇంట్లోకి వెళ్లే పని కూడా లేకుండానే పడేది. ఫోనులో వింత ఇళ్ల పేజీ ఒకటుంది. అమ్మకానికి పెట్టిన ఇళ్లలో చిత్రమైనవాటి ఫోటోలు ఏరి అందులో పెడతారు. జనం చూస్తారు, పదికి మార్కులేస్తారు, నాలుగు ముక్కలు రాసి నవ్వుకుని పోతారు. ఆ నవ్వించేవాళ్లలో ఆవిడ మొదటి వరస. అక్కడ ఆవిడ పేరు మార్కులమ్మ.

వాళ్లాయన సిటీ బస్సుల మెకానిక్కు. సాయంత్రం చేతులకున్న గ్రీజు కడుక్కుని, టీ గ్లాసు పట్టుకుని పక్కన చేరేవాడు. "ఇవాళ ఎవరి కొంప తీస్తున్నావు?" అని అడిగేవాడు. పడగ్గది నడిమధ్య స్నానపు తొట్టి ఉన్న ఇంటికి ఆవిడ, "మొగుడూ పెళ్లాం అలిగితే ఒకరు నీళ్లలో పడుకోవాలి" అని రాసింది. ఎంగిలి గిన్నెలతో సహా వంటిల్లు ఫోటో తీసి పెట్టినవాళ్లకి, "ఇల్లు కొన్నవారికి అంట్లు ఉచితం" అంది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ, కట్టినవాడి కష్టం ఫోటోలో కనపడదు కదా. నోటికి అడ్డూ ఆపూ లేకపోతే ఏమవుతుందో అప్పటికి ఆవిడకి తెలియదు.

రెండు నెలల కిందట ఆయన డిపోలో బస్సు కిందనుంచి బయటికొస్తూ కుప్పకూలాడు. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు, వాటితోపాటు మాట కూడా పోయింది. వాళ్లుండేదేమో మూడో అంతస్తు, లిఫ్టు లేదు.

"శుక్రవారం పంపించేస్తారు మేడం," అంది ఆస్పత్రిలో వ్యాయామాలు చేయించే అమ్మాయి. "చక్రాల కుర్చీ తిరిగే ఇల్లు మీరు చూపిస్తే ఇంటికి. లేదంటే పక్క ఊళ్లో దీర్ఘరోగుల కేంద్రానికి. నేను అక్కడ పనిచేశాను. లేపి నడిపించే తీరిక ఎవరికీ ఉండదు. మంచంలోనే ఉంచేస్తారు. అక్కణ్ణించి లేచి ఇంటికొచ్చినవాళ్లని నేను చూళ్లేదు."

ఆ అమ్మాయి ఒక పురికొస ఇచ్చింది. ఒక చోట ముడి వేసుంది. గుమ్మాల వెడల్పు ఆ ముడి దాకా ఉండాలి, వేలెడు తగ్గినా కుర్చీ పట్టదు.

ఆవిడ పురికొస పట్టుకుని పదకొండు ఇళ్లు తిరిగింది. ఒక్కొక్కటీ ఫోటోల్లో తొమ్మిది మార్కుల ఇల్లే. తెల్లటి గోడలు, బల్లమీద పూలగుత్తి. తీరా చూస్తే వీధి గుమ్మానికి నాలుగు మెట్లు, బాత్‌రూమ్ తలుపు బీరువా తలుపంత. పైన పటారం, లోన లొటారం. సోమవారం పొద్దున పదకొండో ఇంట్లోంచి బయటికొచ్చి, బస్సు స్టాపులో కూర్చుని ఏడ్చింది. ఎవరు చూస్తున్నారని కూడా ఆలోచించలేదు.

ఏడుస్తుండగా గుర్తొచ్చింది, గోడల పొడుగునా కర్ర ఉన్న ఇల్లు.

పేజీ తెరిచి నాలుగు నెలలు వెనక్కి వెళ్లింది. ఉంది. ఒకే అంతస్తు. వీధి గుమ్మానికి మెట్లు లేవు, వాలుగా దిగే దారి. వీధి గది నుంచి బాత్‌రూమ్ దాకా, మధ్యలో ఎక్కడా తెగకుండా, నడుమెత్తున గుండ్రటి చేతికర్ర. రెండు రెక్కల తలుపంత వెడల్పున్న బాత్‌రూమ్ గుమ్మం. లోపల గోడకి బిగించిన కుర్చీ. వంటింటిని ఆనుకుని మంచం. ఆ ఫోటోల కిందే మార్కులమ్మ రాత.

"ఒకటి: గోడకి ఆ కర్ర ఏమిటి? ఇల్లా, సిటీ బస్సా? పైగా జిడ్డు. రెండు: ఆ గుమ్మంలోంచి స్నానానికి వెళ్లేది మనిషా, లారీయా? మూడు: పీట చాలక సింహాసనమా? నాలుగు: వంటింట్లో మంచమెందుకు, నిద్రలో కూర కలపడానికా? చెప్పులు పెట్టుకునే చోటు మాత్రం లేదు. రెండు మార్కులు. ఒకటి కిటికీలకి, ఇంకోటి ఈ ఫోటోలు బయటపెట్టిన ధైర్యానికి."

కింద నాలుగు వందల పైచిలుకు మంది నవ్వారు. బస్సు మాట ఆయన అందించిందే. అందించి, టీ పొలమారేదాకా నవ్వాడు.

నోరా, వీపుకి తేకే అని ఊరికే అనలేదు పెద్దలు.

మధ్యాహ్నం ఆస్పత్రిలో ఆయనకి ఆ ఫోటోలు చూపించింది. తన రాత కనపడకుండా బొటనవేలు అడ్డం పెట్టుకుంది. మాట పోయాక ఆయన మార్కులు వేళ్లతోనే వేస్తున్నాడు. పదకొండు ఇళ్లకీ ఒకటో, సున్నాయో. ఈసారి కర్ర దగ్గర ఆగాడు. ఫోటోని తనే పెద్దది చేసుకుని చాలాసేపు చూశాడు. ఎడమచేతి వేళ్లు అయిదూ విప్పాడు. చాలలేదు. ఆవిడ చెయ్యి లాక్కుని, ముడుచుకున్న వేళ్లు ఒక్కొక్కటే విప్పి, తన చేతి పక్కన పెట్టాడు.

"పదా?" అంది. ఆయన తలూపాడు.

ప్రకటనలో ఉన్న నంబరుకి ఫోను చేసింది. ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదన్నాడు ఇంటి యజమాని, ఒక పెద్దాయన. కాగితాలయ్యేదాకా అద్దెకి దిగమన్నాడు, శుక్రవారమే రావచ్చన్నాడు. "రేపొచ్చి చూసుకోండమ్మా, బాగుచేయించాను, నచ్చకపోవడమంటూ ఉండదు" అన్నాడు. నెత్తిన పాలు పోసినట్టయింది ఆవిడకి.

మంగళవారం పొద్దున్నే వెళ్లింది. పెద్దాయన వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. వడ్రంగం చేసి రిటైరైన మనిషి, వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. భార్య పోయాక ఒంటరిగా ఉండలేక, ఇల్లమ్మేసి మేనకోడలి దగ్గరికి వెళ్లిపోదామనుకుంటున్నాడు. వాలు దారి అలాగే ఉంది. హమ్మయ్య అనుకుంటూ లోపల అడుగుపెట్టింది.

గోడలు తెల్లగా ఉన్నాయి. ఉత్త గోడలు. నడుమెత్తున, రెండడుగులకొకటి చొప్పున, పూడ్చి రంగేసిన మచ్చలు మాత్రం వరసగా కనిపించాయి.

"బాబాయిగారూ, ఇక్కడ కర్ర ఉండాలి కదా?"

"తీయించేశానమ్మా!" అన్నాడు సంతోషంగా. "మొదట్లో ఒక్కరూ వచ్చేవాళ్లు కాదు. ఫోనులో ఎవరో మా ఇల్లు చూసి నవ్వుకున్నారట. మిగతావాళ్లంతా ఊరికే నవ్వారు గానీ, ఒకావిడ మాత్రం ఎక్కడ ఏది బాగాలేదో వరసగా రాసిందమ్మా. పని తెలిసిన మనిషి. మా మేనకోడలు కాగితం మీద దింపి ఇచ్చింది."

జేబులోంచి మడతలు నలిగిన కాగితం తీశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒక్కొక్కదాని పక్కనా పెన్సిలుతో టిక్కు.

ఆవిడ ఆయన్ని దాటుకుని బాత్‌రూమ్ దగ్గరికి పరుగెత్తింది. గుమ్మానికి ఒక పక్క ఇటుకలు పేర్చి గోడ కట్టేశారు. పురికొస పట్టింది. ముడి రెండు వేళ్లు బయటికొచ్చింది. ఇంకా లాగి పట్టింది. ఏటవాలుగా కూడా పెట్టి చూసింది, మనిషిని ఏటవాలుగా తీసుకెళ్లలేనని తెలిసి కూడా. లోపల కుర్చీ లేదు. గుమ్మం పట్టుకుని వెనక్కి తిరిగింది.

"ఆ కర్ర... ఆ కర్ర ఏం చేశారు?"

"కోసి పొయ్యిలోకి ఇచ్చేశానమ్మా, ఎదురింటివాళ్లు అడిగితే." ఆయన గొంతు కాస్త తగ్గింది. "తొమ్మిదేళ్లు మా ఆవిడ దాన్ని పట్టుకునే నడిచింది. నేను చిత్రికపట్టిన దానికంటే ఆవిడ చెయ్యి పట్టి నునుపెక్కువ తేలింది. జిడ్డు అని రాశారు. నిజమే కదా, చూసేవాళ్లకి జిడ్డే." చూపుడు వేలితో ఒక మచ్చని తడిమాడు. తర్వాత ముఖం వెలిగించుకుని అడిగాడు. "అప్పుడు రెండు మార్కులమ్మా. ఇప్పుడు మీరైతే ఎన్నేస్తారు?"

చెప్పకుండా వెళ్లిపోవచ్చు. కానీ వెళ్లడానికి ఈ పన్నెండో ఇల్లు తప్ప పదమూడోది లేదు.

"ఆ రెండు మార్కులూ వేసింది నేనే బాబాయిగారూ. మా ఆయనకి కాలూ చెయ్యీ పడిపోయాయి. నాకు పాత ఇల్లే కావాలి."

పెద్దాయన కాగితాన్ని పాత మడతల్లోనే మడిచాడు. చింపలేదు, జేబులో పెట్టుకున్నాడు.

"పని తెలిసిన మనిషి రాసిందనుకున్నాను," అన్నాడు.

ఫోను మోగింది. ఆస్పత్రి అమ్మాయి. "మేడం, డాక్టరుగారు కాగితం రాసేస్తున్నారు. గుమ్మం సరిపోయిందా, లేదా? కేంద్రానికని రాయించమంటారా?"

ఆవిడ ఇటుకల వంక చూసింది. పెద్దాయన వింటున్నాడు.

"సరిపోయింది," అంది. "ఇంటికే అని రాయించు తల్లీ."

ఫోను పెట్టేశాక తలెత్తే ధైర్యం లేకపోయింది. పెద్దాయన పెరట్లోకి వెళ్లాడు. తలుపు మూసుకుంటాడనుకుంది, పొమ్మంటాడనుకుంది. తిరిగొచ్చి సుత్తీ ఉలీ ఆవిడ చేతిలో పెట్టాడు.

"నా చేతులు వణుకుతాయి, మీరే కొట్టుకోవాలి. గుమ్మం మళ్లీ వస్తుంది. ఆ కర్ర రాదు."

ఆవిడ పురికొసని మెళ్లో వేసుకుని మొదటి దెబ్బ కొట్టింది. పైనున్న తెల్లరంగు కొంచెం రాలింది, అంతే. పెద్దాయన కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఆవిడ రెండోది కొట్టింది.