గేటు దగ్గర స్టూలు

ఆ వాటాల మేడకి గేటు ఉంది. గేటుకి గడియ ఉంది. గడియ వేయడానికి అందరికీ రెండేసి చేతులున్నాయి. లేనిదల్లా వేయాలన్న ధ్యాసే.

గేటు దాటితే నేరుగా రోడ్డు. నీళ్ళ ట్యాంకర్లు, లారీలు, ఎవరో తరుముతున్నట్టు పరిగెత్తే బస్సులు. మొదటి అంతస్తు ముందు వాటాలో ఉండే ఆమెకి ఆ రోడ్డు చప్పుడు వింటే చాలు, అన్నం గొంతు దిగేది కాదు. ఎందుకంటే కూతురికి మూడో ఏడు నడుస్తోంది. నడుస్తోంది అనడం కూడా తప్పే, ఆ పిల్ల నడవడం ఎవరూ చూడలేదు. చెయ్యి వదిలితే తుర్రు. కింద వాటాలో బట్టలు కుట్టే టైలరక్క అందుకే దానికి తుర్రుపిట్ట అని పేరు పెట్టింది. మేడంతా అదే పేరు ఖాయం చేసుకుంది. తల్లి పేరు కూడా పోయింది, తుర్రుపిట్ట వాళ్ళమ్మ అయిపోయింది.

మొదట్లో ఆమె అందరినీ నోటితో బతిమాలింది. "కాస్త గేటు వేసి వెళ్ళండి బాబాయిగారూ." "అలాగేనమ్మా" అనేవాళ్ళు, ఆ అనడం కూడా తెరిచిన గేటు అవతల నుంచే. తర్వాత పాత చున్నీతో గేటుని కట్టేసింది. పై అంతస్తు బ్యాంకాయన స్కూటరు బయటికి తీయాల్సి వచ్చి ఆ ముడి కత్తిరించి పారేశాడు.

"ఆ కత్తెర నా దగ్గరే తీసుకెళ్ళాడే" అని టైలరక్క నెత్తి కొట్టుకుంది. "ఏం కత్తిరించాలి అంటే గుడ్డ అన్నాడు. అబద్ధం చెప్పలేదనుకో, గుడ్డే!"

ఆమెకి నవ్వు రాలేదు. భర్త ఫ్యాక్టరీ నుంచి రాగానే చెప్పుకుంది. "మనం అద్దెకున్నవాళ్ళం. ఊరందరి గొడవ నీకెందుకు? పిల్లని లోపల పెట్టి తలుపు వేసుకో" అన్నాడు. పిల్లని లోపల పెట్టి తలుపేసుకునే ఉపాయం తనకి తట్టనట్టు! రెండు గదుల్లో ఆ పిల్లని రోజంతా మూసిపెడితే గోడలే పారిపోతాయి.

ఇక మిగిలింది మాస్టారు. మేడ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఆయన ముందుగదిలో గోడ కనబడదు, పుస్తకాలే. దేశాలు ఏలినవాళ్ళ ఆత్మకథలు, జైళ్ళలో రాసుకున్న జ్ఞాపకాలు, యుద్ధాల చరిత్రలు. ప్రతి ఆదివారం కింద స్కూటర్లు పెట్టే చోట సంఘం సమావేశం. దానికో ఆనవాయితీ ఉంది. ఏ విషయం మాట్లాడాలన్నా ముందు మాస్టారు ఒక నాయకుడి జీవితం నుంచి ఒక పేజీ చదవాలి. ఆ పేజీ, దాని మీద ఆయన వ్యాఖ్యానం అయ్యేసరికి పిల్లలు ఆకలని ఏడ్చేవాళ్ళు, మగవాళ్ళు గడియారాలు చూసుకునేవాళ్ళు. అసలు సంగతి పై ఆదివారానికి వాయిదా.

గేటు సంగతి అలా ఎన్ని ఆదివారాలు వాయిదా పడిందో.

చివరికి ఆమె ఆయన ఇంటికే వెళ్ళింది. చంకలో పిల్ల.

"గేటుకి దానంతటదే మూసుకునే స్ప్రింగు పెట్టించండి మాస్టారూ. భయంతో చస్తున్నాను."

ఆయన కోప్పడలేదు. ఆయనది కోప్పడే తత్వం కాదు, అదే వచ్చిన చిక్కు. పిల్ల బుగ్గ నిమిరి, కుర్చీ చూపించి, "స్ప్రింగు పెట్టడం ఎంతసేపమ్మాయ్? కానీ మనుషుల్లో బాధ్యత పెరగాలా, ఇనుములో పెరగాలా?" అన్నారు. తమ్ముళ్ళని చూసుకోవడానికి తొమ్మిదో తరగతిలో బడి మాన్పించిన రోజు నుంచి, చదువుకున్నవాళ్ళు ఇలా ప్రశ్న వేస్తే ఆమె నాలుక మడతపడిపోతుంది.

"ఎంతవరకు చదివావు?"

చెప్పింది.

"అయితే చదవగలవు. ఇది తీసుకెళ్ళు. జనాన్ని ఎలా కదిలించాలో ఇందులో ఉంది."

అది ఏదో దూరదేశంలో ఒక నగరానికి మేయరుగా చేసిన ఆవిడ జ్ఞాపకాల అనువాదం. ఆమెకి ఒళ్ళు మండింది. స్ప్రింగు అడిగితే పుస్తకమా! కానీ పెద్దాయన రెండు చేతులతో ఇచ్చింది విసిరికొట్టడానికి లేదు కదా. పైగా, ఎవరికి చెప్పినా నవ్వుతారు గానీ, పుస్తకం చేతిలో పెట్టి "చదవగలవు" అని తనతో ఒకరు చెప్పి ఎన్నేళ్ళయింది!

చదివింది. వేలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ, పిల్ల నిద్రపోయినప్పుడల్లా. పుస్తకం మధ్యలో మాస్టారు పెన్సిలుతో గీత గీసిన వాక్యం ఒకటి కనబడింది: 'ఏ పనైనా నాయకుడు ముందు తాను చేసి చూపించాలి. జనం వెనకే వస్తారు.' మురికివాడలో చీపురు పట్టుకుని మేయరమ్మ ఊడవడం మొదలుపెడితే వీధి వీధంతా చీపుర్లతో బయటికి వచ్చిందట.

బాగానే ఉంది అనుకుంది. మర్నాటి నుంచి స్టూలు తెచ్చి గేటు దగ్గర వేసుకుంది. ఒళ్ళో పుస్తకం, కాళ్ళ దగ్గర పిల్ల. ఎవరు తెరిచి వెళ్ళినా లేచి, అందరికీ వినబడేట్టు ఠప్‌మని గడియ వేసేది. చూసి నేర్చుకుంటారని.

నేర్చుకున్నారు. గేటు దగ్గర ఒక మనిషి ఉందని నేర్చుకున్నారు.

అంతకుముందు పదిమందిలో ఒకరైనా గడియ వేసేవాళ్ళు. ఇప్పుడు ఆ ఒక్కరూ మానేశారు. బ్యాంకాయన స్కూటరు దిగకుండా హారన్ కొట్టడం మొదలుపెట్టాడు. "అమ్మాయ్, కాస్త తియ్యి." తీస్తే, "వేసెయ్యి మరి." మూడో అంతస్తావిడ బజారు నుంచి వస్తూ సంచి కూడా చేతికిచ్చింది, "ఇక్కడే ఉంటావుగా, మావాడు వస్తే ఇయ్యి." ఎవరో కొరియరువాడు సంతకం పెట్టమన్నాడు. కొత్తగా వాటా చూడటానికి వచ్చినాయన, "వాచ్‌మన్ మీ ఆయనా?" అని అడిగాడు.

ఆమె పుస్తకం పట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

"ఇందులో రాసినట్టే చేశాను మాస్టారూ. నేను వేస్తున్నాను గనక వాళ్ళు మానేశారు. ఇలా అయితే ఏం చెయ్యాలో ఈవిడ రాయలేదేంటి?"

"ఓపిక పట్టాలమ్మాయ్. మార్పు నెమ్మదిగా వస్తుంది" అని ఇంకో పుస్తకం ఇచ్చారు. అది మరీ లావు. ఎవరో ప్రధానమంత్రి స్వీయచరిత్ర. అందులో ఆయన భార్య పెళ్ళయిన పేజీలో ఒకసారి, చనిపోయిన పేజీలో ఒకసారి కనబడింది. మధ్యలో ఆయన దేశం తిరుగుతున్నంతకాలం పిల్లలు ఎవరి దగ్గరున్నారో, వాళ్ళ ఇంటి గేటు ఎవరు వేశారో ఎంత వెతికినా దొరకలేదు.

"నీకు పిచ్చి పట్టిందే" అంది టైలరక్క మిషను తొక్కుతూ. "రాజకీయ నాయకులు గేటు వేస్తారా ఎక్కడైనా? వాళ్ళకి వేరేవాళ్ళు తీస్తారు, వేరేవాళ్ళు వేస్తారు. ఆ సంగతి తెలుసుకోవడానికి అంత లావు పుస్తకం కావాలా?"

ఆ సాయంత్రమే అది జరిగింది.

స్టూలు మీద కూర్చుని ఉండగా పైనుంచి మాడు వాసన. పొయ్యి మీద పాలు. "అక్కా, పిల్లని చూడు" అని ఒక్క కేకేసి మెట్లెక్కింది. పొయ్యి కట్టేసి వంటింటి కిటికీలోంచి కిందికి చూస్తే మాస్టారు వాహ్యాళికి బయల్దేరుతున్నారు. మొహానికి అడ్డంగా తెరిచిన పుస్తకం. మోచేత్తో గేటు తోసుకుని వెళ్ళిపోయారు. గేటు అలాగే బార్లా.

"మాస్టారూ! గేటూ!"

ఆయన వెనక్కి తిరగలేదు. నమస్కారం పెట్టారనుకున్నారేమో, చెయ్యి పైకెత్తి ఊపారు.

మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. టైలరక్క ఎవరికో భుజం కొలత తీస్తూ టేపు చేతిలో ఉండగానే తలెత్తింది. పిల్ల లేదు. రోడ్డు మీద బ్రేకుల కీచు.

నీళ్ళ ట్యాంకరు అడ్డంగా తిరిగి ఆగి ఉంది. దాని ముందు తుర్రుపిట్ట నిలబడి ఉంది, గుప్పిట్లో టైలరక్క దగ్గర ఏరుకున్న ఎర్రగుడ్డ ముక్క, ఇంత చప్పుడు చేసినందుకు ట్యాంకరు మీద కోపంగా చూస్తూ. డ్రైవరు దిగి తన నెత్తి తానే బాదుకున్నాడు. "కన్నది రోడ్డు మీద వదలడానికా!" అని అరిచాడు. ఆమె పిల్లని లాక్కుని గుండెకి అదుముకుంది. ఆ పట్టుకి పిల్ల ఏడుపు లంకించుకుంది.

అన్ని బాల్కనీల్లోకీ మనుషులొచ్చారు. ఒక్కరైనా "పిల్లకేం కాలేదుగా" అంటారనుకుంది.

"నువ్వు గేటు దగ్గర లేవా?" అంది మూడో అంతస్తావిడ.

"ఎక్కడికెళ్ళావమ్మా మరి?" అన్నాడు బ్యాంకాయన.

ఇంటికొచ్చాక భర్త కూడా అదే మాట. పిల్లని ఒళ్ళోంచి దించకుండా, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని మరీ అన్నాడు. "నువ్వు అక్కడే కూర్చుంటావుగా. ఆ ఒక్క నిమిషం ఎక్కడికి పోయావ్?"

గేటు ఎవరు తెరిచారో ఆమె టైలరక్కకి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబుదామని నోటిదాకా వచ్చేది. ఆయన రెండు చేతులతో పుస్తకం ఇవ్వడం గుర్తొచ్చి అక్కడే అడ్డుపడేది.

ఆదివారం మాస్టారు ఒక యుద్ధకాలపు నాయకుడి పేజీ చదివారు. ఆ వెంటనే బ్యాంకాయన లేచాడు. "మొన్నటి ఘటన మళ్ళీ జరక్కూడదు. అందుకని ఆ అమ్మాయినే అధికారికంగా గేటు బాధ్యురాలిగా పెడదాం. ఎలాగూ అక్కడే ఉంటుంది." చప్పట్లు. అందరికీ ఎంత హాయిగా ఉందో ఆ చప్పట్లలోనే తెలిసిపోయింది.

ఆమె లేచింది. మేయరమ్మ పుస్తకం తెరిచి, గీత గీసిన వాక్యం తడబడుతూ చదివింది. "ఏ పనైనా నాయకుడు ముందు తాను చేసి చూపించాలి." పుస్తకం మూసింది. "నేను నాయకురాలిని కాదు. అధ్యక్షుడు మీరు. రేపు ఆ స్టూలు మీద మీరు కూర్చోండి మాస్టారూ."

అందరూ మాస్టారి వైపు చూశారు. గీత ఆయనదే, పెన్సిలూ ఆయనదే. కాదనడానికి దారి లేదు.

మర్నాడు మాస్టారు మెత్త వేసుకుని, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. ఆమె వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉంది. మొదట్లో ప్రతివాళ్ళనీ చిరునవ్వుతో పలకరించారు. కాసేపటికి లేవడం, కూర్చోవడం కష్టమై మోకాళ్ళు పట్టుకున్నారు. చదువుతున్న పేజీ ముందుకి కదల్లేదు. బ్యాంకాయన అలవాటుగా హారన్ కొట్టాడు.

"నేనేమన్నా నీ బంట్రోతునా!" అన్న అరుపు పై అంతస్తు దాకా వినబడింది. "చేతులు లేవా మీకెవరికీ? మూసి చావండయ్యా ఆ గేటు!"

టైలరక్క మిషను ఆపి మరీ విని, "అబ్బో, మార్పు ఎంత తొందరగా వచ్చిందో" అంది.

మధ్యాహ్నానికి మాస్టారు పిలిపించిన వెల్డింగువాడు వచ్చాడు. స్ప్రింగు బిగించాడు. అతని కోసం తెప్పించిన టీ చల్లారేలోపు పనైపోయింది. గేటు దానంతటదే వెనక్కి వచ్చి టక్కుమని పడింది.

ఆమె సంతోషించాలి కదా. బట్టలు పిండుతూ వెక్కివెక్కి ఏడ్చింది. పిండిన బట్టనే మళ్ళీ మళ్ళీ పిండింది.

"పనైపోయిందిగా, ఇంకా ఏడుపెందుకు?" అన్నాడు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన భర్త బిత్తరపోయి.

"ఇంతేనా అని! టీ చల్లారేంత పనండీ! దీని కోసమా నేను ఇన్నాళ్ళు చచ్చింది?"

అతను ఆమె చేతిలోంచి బట్ట తీసుకుని దండెం మీద వేశాడు.

తర్వాతి ఆదివారం మాస్టారు పుస్తకం తేలేదు, కాగితాలు తెచ్చారు. చాలాకాలంగా తన జ్ఞాపకాలు రాస్తున్నారట. ఆనవాయితీ పేజీ ఈసారి అందులోంచే. గొంతు సవరించుకుని చదివారు. "మా మేడలో ఒక పసిబిడ్డ ప్రమాదం అంచుల దాకా వెళ్ళి బయటపడింది. నేనిక ఊరుకోలేకపోయాను. స్వయంగా గేటు దగ్గర కూర్చున్నాను. ఒక్క పూటలో సమస్య పరిష్కారమైంది. నాయకత్వమంటే..."

ఆయన అబద్ధం చెబుతున్నట్టు లేదు. నిజంగానే అలా జరిగిందని నమ్ముతున్నారు. మొహం వెలిగిపోతోంది. ఆమెకి ఉన్నట్టుండి ఆ మేయరమ్మ గుర్తొచ్చింది. చీపురు కథకి ముందు ఏం జరిగిందో! ఏ తల్లి ఎన్నాళ్ళు ఆవిడ గుమ్మం చుట్టూ తిరిగిందో!

చప్పట్లు మొదలయ్యాయి. ఆమె ఒళ్ళో పిల్ల కూడా చేతులు కలిపి కొట్టబోయింది. ఆ చిన్న చేతులు రెండూ తన గుప్పిట్లో పట్టుకుంది.

"మాస్టారూ, అంతకుముందు పేజీ కూడా చదవండి."

చప్పట్లు ఆగాయి. "ఏ పేజీ అమ్మాయ్?"

"ఆ రోజు గేటు తెరిచి వెళ్ళింది ఎవరో, ఆ పేజీ. నేను కిటికీలోంచి 'గేటూ' అని అరిచాను. మీరు పుస్తకం దించకుండా చెయ్యి ఊపారు."

టైలరక్క తల పంకించింది. మాస్టారు ఎత్తిన కాగితం అలాగే ఉండిపోయింది. నిజంగా తెలియదాయనకి. గేటు వైపు చూశారు, తర్వాత పిల్ల వైపు చూశారు. చెయ్యి, ఆ రోజు ఊపిన చెయ్యే, మెల్లగా కిందికి దిగింది.

"అది... అది రాయలేదమ్మా" అన్నారు. గొంతులో వ్యాఖ్యానం లేదు.

"పై వారానికి వాయిదా వేద్దామా?" అన్నాడు బ్యాంకాయన లేవబోతూ.

"వద్దు" అందామె. గేటు దగ్గర ఖాళీగా ఉన్న స్టూలు తెచ్చి మాస్టారి ముందు వేసింది, కాగితాలు పెట్టుకుని రాయడానికి వీలుగా. "ఇప్పుడే రాయండి. మేం కూర్చుంటాం."

పిల్లని ఒళ్ళో సర్దుకుని కూర్చుంది. మాస్టారు జేబులో పెన్ను వెతుక్కుంటున్నారు.